పీపీఎఫ్ వేయిస్తున్నారా? ఫిల్మ్ కంటే ముందు ఫారం చూడండి

ప్రశ్న: లాయర్ గారూ, ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక స్పోర్ట్స్ కారు కొన్నాను, మూడేళ్ల బండి. రాళ్లు తగిలి పెయింట్ చిట్లకుండా పారదర్శకంగా ఉండే పీపీఎఫ్, అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ వేయిద్దామనుకుంటున్నాను. ఒక చోట పదేళ్ల వారంటీ అంటున్నారు, ఇంకో చోట లైఫ్ టైమ్ అంటున్నారు. ఏది ఎంచుకోవాలి? ఒక ఫారం మీద సంతకం పెట్టమంటున్నారు, అందులో ‘ఫిల్మ్ తీసేటప్పుడు పెయింట్ లేస్తే మా బాధ్యత లేదు’ అని ఉంది. పెట్టొచ్చా? రేపు ఫిల్మ్ పసుపుబారితే ఎవరిని అడగాలి? ఆర్‌సీలో ఏమైనా మార్పించాలా?

జవాబు: ఆర్‌సీ సంగతి చిన్నది కాబట్టి ముందు అది తేల్చేద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. రంగు కూడా ఆర్‌సీలో ఉండే వివరమే. పారదర్శకమైన ఫిల్మ్ రంగును మార్చదు, కాబట్టి మీరు ఏ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. అయితే ‘ఇదే ఫిల్మ్ రంగుల్లో కూడా వస్తుంది సార్’ అని కేటలాగ్ తీస్తారు. ఎర్ర బండికి నల్ల ఫిల్మ్ వేయించాలనిపిస్తే మాత్రం ముందు రవాణా శాఖకు చెప్పి ఆర్‌సీలో రంగు మార్పించుకోండి. అద్దాలకు వేసే ఫిల్మ్‌ది పూర్తిగా వేరే నిబంధన, దాన్నీ దీన్నీ కలపకండి.

ఇక ఏ ఫిల్మ్ అన్న విషయం. నేను ఫిల్మ్ వేసేవాణ్ణి కాదు, కానీ ఈ గొడవల కాగితాలు చదివి చదివి కొంత తెలిసింది. మొదట హెలికాప్టర్ రెక్కలకు ఇసుక, రాళ్ల దెబ్బ తగలకుండా తయారుచేసిన సరుకు ఇది. మంచి ఫిల్మ్ టీపీయూతో, అంటే థర్మోప్లాస్టిక్ పాలీయురిథేన్‌తో చేస్తారు, మందం సుమారు 150 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది. మీ బండి మీద క్లియర్ కోట్, అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన పై పొర ఒక్కటే చూస్తే 40, 50 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది, కాబట్టి రాయి దెబ్బ ముందు తినేది ఈ ఫిల్మే. చవకగా దొరికే పీవీసీ ఫిల్మ్ కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది, మొదటి రోజు మెరుపులో మీకూ నాకూ తేడా తెలియదు. ఎండకు ముందుగా గట్టిపడి, పసుపుబారి, అంచుల దగ్గర లేచేది అది. అందుకని బిల్లు మీద ‘పీపీఎఫ్ 1 నంబర్’ అని గీకి ఇస్తే ఒప్పుకోకండి. తయారీ కంపెనీ పేరు, మోడల్ పేరు, టీపీయూ అన్న మాట, మందం, రోల్ మీద ఉన్న సీరియల్ నంబరు, ఏయే ప్యానెళ్లకు వేశారో, ఇవన్నీ బిల్లులోనే ఉండాలి. ఫిల్మ్ డబ్బా తెరిచేటప్పుడు దగ్గరుండి ఆ నంబరు ఫోటో తీసుకోండి. ‘గీతలు వాటంతట అవే మాయమవుతాయి’ అన్న మాట కూడా సగమే నిజం. కడిగేటప్పుడు పడే సన్నటి గీతలు వేడి తగిలితే కలిసిపోతాయి, ఫిల్మ్ తెగేంత లోతుగా పడింది మాత్రం అలాగే ఉంటుంది. ఆ తేడా చెప్పకుండా అమ్మితే రేపు మీ ఫిర్యాదులో అదొక పాయింట్.

ఎంత భాగానికి వేయించాలో మీ ఇష్టం. స్పోర్ట్స్ కారు నేలకు దగ్గరగా ఉంటుంది, టైర్లు వెడల్పు, పైగా రాళ్లను అంటించుకుని విసురుతాయి. బంపర్, బానెట్, ఫెండర్లతో పాటు తలుపుల కింది భాగం, వెనక చక్రాల ముందున్న వంపు కూడా లెక్కలోకి తీసుకోండి. చాలామంది ముందు భాగం వేయించి అక్కడితో ఆపేస్తారు, తర్వాత చూస్తే దెబ్బలన్నీ వెనక చక్రం ముందే ఉంటాయి.

పదేళ్లా, లైఫ్ టైమా అని అడిగారు. ఎవరి లైఫ్? మీదా, బండిదా, ఫిల్మ్‌దా, ఆ షాపుదా? తమాషాకు అనడం లేదు, వారంటీ కాగితంలో దీనికి జవాబు లేకపోతే ఆ మాట నీటి మూటే. ఎన్ని సంవత్సరాలో అంకెల్లో రాసి, మినహాయింపులు స్పష్టంగా పెట్టిన ఏడేళ్ల వారంటీ, ఏమీ రాయని లైఫ్ టైమ్ కంటే నా లెక్కలో ఎంతో గట్టిది. ఇంకో సంగతి, మీకు వచ్చేది ఒక వారంటీ కాదు, రెండు. ఫిల్మ్ పసుపుబారడం, పగుళ్లివ్వడం, పొక్కులు రావడం, పొర విడిపోవడం, ఇవి తయారీ కంపెనీ ఇచ్చే మాట. అంచు లేవడం, లోపల దుమ్ము ఇరుక్కోవడం, సాగదీసిన చారలు, పెయింట్ మీద కత్తి గాటు, ఇవి వేసినవాడి పనితనం. పనితనానికి షాపువాళ్లు విడిగా రాసివ్వకపోతే రేపు ‘కంపెనీని అడగండి’ అని వాళ్లు, ‘వేసినవాళ్లను అడగండి’ అని కంపెనీ, మధ్యలో మీరు. కంపెనీ వారంటీకి చాలాసార్లు ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ ఉంటుంది, షాపువాళ్లు చేస్తామని మర్చిపోతారు. మీ పేరు, మీ బండి నంబరుతో అది పూర్తయిందని మెయిల్ వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. పాత ఫిల్మ్ తీసి కొత్తది వేసే కూలి వారంటీలో ఉందో, ఫిల్మ్ ఖరీదు మాత్రమే ఇస్తారో కూడా చూడండి. కూలి చిన్న మొత్తం కాదు.

నా సొంత కారు సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. దానికి నేనూ ఫిల్మ్ వేయించాను, పాతబడ్డాక తీయించాను. తీసినవాడు ‘సార్, ఇటు రండి’ అని ఫోన్ టార్చ్ వేసి బానెట్ అంచున చూపించాడు. వెంట్రుకంత సన్నటి గీత, స్కేలు పెట్టి గీసినట్టు, ఈ చివర నుంచి ఆ చివరకు. అక్కడక్కడ క్లియర్ కోట్ తెగి అంచు తెల్లగా లేచింది. వేసేటప్పుడు ఫిల్మ్‌ను బండి మీదే పరిచి బ్లేడుతో కోశారన్నమాట. అంతకాలం ఫిల్మ్ అంచే దాన్ని కప్పి ఉంచింది. వేసిన షాపుకు వెళ్తే ‘అది ముందు నుంచే ఉందేమో’ అన్నారు. నా దగ్గర వేయించే ముందు తీసిన ఫోటో ఒక్కటీ లేదు, బిల్లు కూడా ఎక్కడో పోయింది. ఊరందరికీ కాగితాలు దాచుకోమని చెప్పే లాయర్‌ని! నోరు మూసుకుని వచ్చేశాను. అందుకే చెబుతున్నాను, మీ మోడల్ కొలతలతో కంప్యూటర్ మెషీన్ మీద ముందే కోసిన ముక్కలు వేస్తారా, బండి మీద కోస్తారా అని అడగండి. బండి మీద కోయక తప్పదంటే ‘కత్తి గాటు పడితే ఆ ప్యానెల్ పెయింట్ ఖర్చు మాది’ అని రాయించుకోండి. అంత మాట రాసివ్వడానికి వెనకాడే షాపులో వేయించుకోవాలా అన్నది మీరే ఆలోచించుకోండి.

మీ కేసులో అసలు మెలిక మాత్రం వేరే ఉంది. మీది సెకండ్ హ్యాండ్ బండి, ఏ ప్యానెల్‌కు ఇదివరకు మళ్లీ పెయింట్ వేశారో మీకు తెలియదు. కంపెనీ పెయింట్ వేడికి బేక్ అయి గట్టిగా పట్టుకుని ఉంటుంది, సరిగా తీస్తే ఫిల్మ్ దాన్ని లేపడం అరుదు. బయట వేసిన పెయింట్ సరిగా ఆరకపోయినా, కింద పుట్టీ ఉన్నా, తీసేటప్పుడు ఫిల్మ్‌తో పాటు పెయింటూ తొక్కలా వచ్చేస్తుంది. అప్పుడు షాపువాళ్లు తప్పు పాత పెయింట్‌దంటారు, చాలాసార్లు అది నిజం కూడా. కాబట్టి ఫిల్మ్ వేయకముందే పెయింట్ మందం కొలిచే మీటరు పెట్టించి ప్రతి ప్యానెల్ రీడింగ్ రాయించండి. మిగతావన్నీ 120 మైక్రాన్లు చూపిస్తుంటే ఒక తలుపు 280 చూపించిందంటే అక్కడ పని జరిగినట్టే. ఒక జాగ్రత్త ఉంది. ఈ మీటరు కింద లోహం ఉంటేనే పనిచేస్తుంది, అల్యూమినియం కొలవాలంటే దానికి తగ్గ మీటరు కావాలి. ప్లాస్టిక్ బంపర్, కార్బన్ ఫైబర్ భాగాల మీద మామూలు మీటరు ఏమీ చెప్పదు. స్పోర్ట్స్ కార్లలో ఇవే ఎక్కువ, రాళ్ల దెబ్బకు మళ్లీ పెయింట్ పడేదీ ఎక్కువగా ఆ బంపర్‌కే. దానికి మీకు అమ్మిన ఆయన్ని అడిగి పాత సర్వీసు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కాగితాలు తెప్పించుకోండి. వాట్సాప్‌లో ‘బంపర్ రీపెయింట్ కాలేదు’ అని ఆయన రాసినా చాలు, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

సరే, అన్నీ చేశాక కూడా ఫిల్మ్ పసుపుబారింది అనుకుందాం. ఫోన్లు చేసి పోట్లాడటం మానేసి, ఫోటోలతో, తేదీతో, వారంటీ నంబరుతో షాపుకూ కంపెనీకీ ఒకే మెయిల్ పెట్టండి, వాళ్లు ఒకరి మీదకు ఒకరు నెట్టుకుంటే ఇద్దరి జవాబులూ మీ దగ్గరే ఉంటాయి. కదలకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సరుకులో లోపానికి కంపెనీని, సేవలో లోపానికి షాపును, ఇద్దరినీ ఒకే ఫిర్యాదులో ప్రతివాదులుగా పెట్టొచ్చు. షాపు ఎక్కడున్నా మీరు నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే కోర్టు ఫీజు కూడా లేదు. ఫారంలో ‘వివాదాలన్నీ ఆర్బిట్రేషన్‌కే’, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరకే అని ఉన్నా భయపడకండి, అలాంటి షరతు వినియోగదారుల కమిషన్ తలుపు మూసేయదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఒక్క గడువు మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి 2 సంవత్సరాలు. ‘చూస్తాం సార్, పైకి పంపాం సార్’ అంటూ మెయిళ్లు నడుస్తున్నంత మాత్రాన ఆ గడియారం ఆగదు. పాత ఫిల్మ్ తీస్తే ఆ ముక్క పారేయకండి, లోపం తేల్చడానికి కమిషన్ ల్యాబ్‌కు పంపే వీలుంది. ల్యాబ్‌కు వెళ్లడానికి ముక్క ఉండాలి కదా.

‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అనే మాట వస్తుంది, దాదాపు ప్రతి చోటా వస్తుంది. ఆ తగ్గింపుతో పాటు మీ కేసూ పోతుంది. బిల్లు ఇవ్వకపోవడాన్నే ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కగట్టింది. బిల్లు మీ సొంత పేరు మీదే తీసుకోండి. మీ వ్యాపార సంస్థ పేరు మీద ఉంటే అవతలి లాయర్ మొట్టమొదట ‘ఇది వ్యాపార అవసరం, ఈయన వినియోగదారుడే కాదు’ అంటాడు. గెలవొచ్చేమో గానీ ఆ వాదనకే కొన్ని వాయిదాలు పోతాయి. ఇన్సూరెన్స్ వాళ్లకూ ఒక మెయిల్ పెట్టి ఫిల్మ్‌ను పాలసీలో చేర్పించండి, లేకపోతే యాక్సిడెంట్ అయితే ఫెండర్ మార్చి ఇస్తారు, దాని మీద ఫిల్మ్ మళ్లీ మీ జేబులోంచే.

ఇక ఆ ఫారం. ‘ఫిల్మ్ తీసేటప్పుడు పెయింట్ లేస్తే మా బాధ్యత లేదు’ అన్న వాక్యం ఉన్నది ఉన్నట్టు వదిలి సంతకం పెట్టకండి. పెట్టినంత మాత్రాన నిర్లక్ష్యంగా చేసిన పనికి షాపు తప్పించుకుంటుందని కాదు, కమిషన్లు ఇలాంటి ఏకపక్ష షరతులకు పెద్దగా విలువ ఇవ్వవు, కానీ చేతిలో కాగితం పెట్టుకుని ఆ వాదన మోయడం ఎందుకు. ‘ఇదివరకే రీపెయింట్ అయిన ప్యానెళ్లకు మాత్రమే ఈ మినహాయింపు’ అని మార్చమనండి, అది న్యాయమైన కోరికే, బాగా పనిచేసే షాపు ఒప్పుకుంటుంది. ఫారం అచ్చయిపోయింది, మార్చలేం అంటే, ఆ వాక్యం పక్కనే మీ చేత్తో మీటరు రీడింగులు, ఏ ప్యానెల్ కంపెనీ పెయింటో, తేదీతో సహా రాసి, వాళ్ల చేత కూడా సంతకం పెట్టించండి. ఆ పేజీ ఫోటో మీ ఫోన్‌లో పడ్డాక బండి తాళం ఇవ్వండి.