మన మూకీ సినిమాల్లో పిల్లల సినిమా అనదగ్గది ఏది?

అప్పట్లో ‘బాలల చిత్రం’ అంటూ వేరే వర్గం లేదు. ఇంటిల్లిపాదీ కలిసి చూసేవారు. అయినా పిల్లలకి చూపించడానికి ఒకటి చెప్పమంటే 1919లో దాదాసాహెబ్ ఫాల్కే తీసిన ‘కాళియ మర్దన్’ అంటాను. చిన్ని కృష్ణుడి అల్లరి, వెన్న దొంగతనం, చివర్లో యమునలో కాళియుడితో పోరు, ఇదీ కథ.

కృష్ణుడిగా వేసింది ఫాల్కే కూతురు మందాకిని. అప్పటికి ఏడేళ్ల పిల్ల! ‘రాజా హరిశ్చంద్ర’లో ఆడవేషానికి ఆడవాళ్లు దొరక్క మగవాళ్లతో వేయించిన దర్శకుడే, ఆరేళ్ల తర్వాత మగవేషం ఆడపిల్లకిచ్చాడు. సినిమా మొదట్లోనే ఆ పాప ముఖం దగ్గరగా కనిపిస్తుంది. నవ్వు, కోపం, ఏడుపు ఒక్కొక్కటిగా చేసి చూపిస్తుంది. చూస్తుండగానే కృష్ణుడి వేషంలోకి మారిపోతుంది. నాకైతే పాముతో ఫైటింగ్ కన్నా ఇదే ఇష్టం.

ఆ ఫైటింగూ తక్కువేం కాదు. నీళ్ల అడుగున కృష్ణుడు, ఒడ్డున కంగారుపడే గోకులం మార్చి మార్చి వస్తుంటే పిల్లలకి టెన్షన్ ఖాయం. ఫాల్కే సినిమాలు చాలావరకు పోయినా ఇందులో ఎక్కువ భాగమే మిగిలింది. దాదాపు ముప్పావుగంట చూడొచ్చు.