ఫైర్ అలారం కంపెనీలో ఉద్యోగమంటే వైరింగ్ పనేనా?

జనగామ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అబ్బాయి ఈ ఏడాది ఈఈఈలో బీటెక్ పూర్తి చేశాడు. హైదరాబాద్‌లో ఫైర్ అలారాలు పెట్టే చిన్న కంపెనీ ఒకటి 16 వేల జీతానికి ట్రైనీగా రమ్మంటోంది. వైరింగ్ పనికి బీటెక్ ఎందుకు, అమీర్‌పేట పంపి సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించమని చుట్టాలంటున్నారు. వాడికేమో ఇదే ఇష్టం. ఏం చేయమంటారు?"

చేరనివ్వండి సార్. ఇష్టమని చెబుతున్నాడంటే సగం సమస్య తీరినట్టే. మిగతా సగం, అక్కడ ఏ పని నేర్చుకుంటాడన్నది. పైపు వేసి, వైరు లాగి, పొగను, వేడిని పసిగట్టే డిటెక్టర్ బిగించడం దగ్గరే ఆగిపోతే మీ చుట్టాల మాటే నిజమవుతుంది, ఆ పని చక్కగా చేసే ఐటీఐ కుర్రాళ్లు ఉన్నారు. మీవాడు పట్టుకోవాల్సింది వేరే. ఆ డిటెక్టర్ అక్కడే ఎందుకుండాలి, మొత్తం ఎన్ని కావాలి, ఆ లెక్కను డ్రాయింగ్‌లో పెట్టి అనుమతి ఎలా తేవాలి, చివరికి అది పనిచేస్తోందని ఎలా రుజువు చేయాలి, ఇదీ ఇంజినీరు పని.

ఆ అనుమతుల దారి కాస్త చెప్తాను. మన దగ్గర 15 మీటర్లు, ఆపైన ఎత్తుండే వాణిజ్య భవనం కట్టాలంటే ముందు ప్లాన్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లాలి. స్కూలు, సినిమా హాలు, ఫంక్షన్ హాలు లాంటివైతే 6 మీటర్లు దాటినా చాలు. వాళ్లు మెట్లు ఎన్ని, నీళ్ల ట్యాంకు ఎంత, అలారం ఎలాంటిది అని షరతులు రాసి ప్రొవిజనల్ ఎన్‌వోసీ, అంటే తాత్కాలిక నిరభ్యంతర పత్రం ఇస్తారు. కట్టడం అయ్యాక వచ్చి చూసి, ఆ షరతులన్నీ ఉంటేనే భవనం వాడుకోవడానికి ఆక్యుపెన్సీ ఎన్‌వోసీ. ఈ రెండు కాగితాల మధ్య జరిగే పనంతా అర్థమైన కుర్రాడు ఏ కంపెనీకైనా కావాలి. ఎందుకంటే బిల్డర్ కోట్లు పెట్టి కట్టాక అలారం దగ్గర ఫైలు ఆగిపోతే ఒక్కో నెలకూ వడ్డీ కడుతూ కూర్చోవాలి.

చదవాల్సినవి మొదట రెండే. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో అగ్ని భద్రత గురించి చెప్పే నాలుగో భాగం, తర్వాత ఐఎస్ 2189 అనే భారతీయ ప్రమాణం. బిల్డింగ్ కోడ్ దానంతట అది చట్టం కాదు, రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి తెచ్చుకుంటేనే దానికి బలం, ఈ తేడా ఇంటర్వ్యూలో చెప్పగలిగితే ఎదుటివాళ్లు మీవాడిని వేరేగా చూస్తారు. ఐఎస్ 2189 మాత్రం పూర్తిగా అలారాల గురించే. అందులో హూటర్, అంటే అలారం మోగించే సైరన్ శబ్దం మామూలుగా 65 డెసిబెల్స్ ఉండాలంటారు, కానీ మనుషులు నిద్రపోయే చోట, అంటే హోటల్ గదో హాస్టలో అయితే, తలగడ దగ్గర 75 వినిపించాలి. అదే హూటర్, అదే వైరు, కానీ తలుపు మూసి పడుకున్నవాడు లేస్తాడా లేదా అని ఆలోచించి పెట్టిన లెక్క అది. ఇంకో ముఖ్యమైన పని, అలారం మోగగానే లిఫ్టులు కిందికి రావాలి, ఏసీ గాలి ఆగాలి, మెట్ల దారిలోకి పొగ రాకుండా ఫ్యాన్లు తిరగాలి, కార్డు పెడితే తెరుచుకునే తలుపులు వాటంతటవే వదులవ్వాలి. ఈఈఈ చదివినవాడికి ఇది చాలా నచ్చే పని, కాలేజీలో చదివిన రిలేలు, కంట్రోల్ సర్క్యూట్లు ఇక్కడ కళ్లముందు కదులుతాయి.

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల్లో ఆరుగురు చనిపోయారు. అందరూ చిన్న వయసు పిల్లలే, మన జిల్లాల నుంచి ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు, పొగకు ఊపిరాడక పోయారు. మీ అబ్బాయి వయసే. ఈ పనిని వైరింగ్ అని తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఒక మాట వాడికి గట్టిగా చెప్పండి. తను పరీక్షించని దాని మీద సంతకం పెట్టకూడదు. నేనుండే అపార్ట్‌మెంట్‌లో పదే పదే మోగుతోందని అలారం కంట్రోల్ ప్యానెల్‌ను సైలెంట్‌లో పెట్టేశారు, కొన్ని డిటెక్టర్లకు పెయింటింగ్ అప్పుడు తొడిగిన ప్లాస్టిక్ మూతలు కూడా తీయలేదు, అయినా సర్వీస్ రిపోర్టులో అన్నీ బాగున్నాయనే ఉంది. అలాంటి రిపోర్టు రాయమని సీనియర్లు తొందరపెడతారు. కొత్తలో కాదనడం కష్టం, నాకు తెలుసు, అయినా కాదనాలి. ప్రాణం పోతే ముందు అడిగేది ఆ సంతకం ఎవరిదని.

జీతం సంగతికొస్తే, మొదటి రెండేళ్లు ఇబ్బందే, దాచను. డ్రాయింగ్‌లు వేసే ఆటోక్యాడ్, రెవిట్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకుంటే డిజైన్ వైపు మారొచ్చు. గల్ఫ్‌కు వెళ్లాలనుకుంటే అక్కడ అగ్ని భద్రత చూసే సివిల్ డిఫెన్స్ శాఖ అనుమతి తప్పనిసరి, యూఏఈకి తన సొంత ఫైర్ కోడ్ ఉంది. అమెరికా ప్రాజెక్టులకు ఇక్కడి నుంచే డ్రాయింగ్‌లు వేసే ఆఫీసులూ ఉన్నాయి, వాళ్లకు మూడేళ్లకోసారి కొత్త ఎడిషన్ వచ్చే ఎన్‌ఎఫ్‌పీఏ 72 అనే అమెరికా ఫైర్ అలారం కోడ్ తెలిసినవాళ్లు కావాలి. అక్కడ నైసెట్ అనే సర్టిఫికేషన్‌లో ఫైర్ అలారాలకే నాలుగు లెవెల్స్ ఉన్నాయి. ఇవన్నీ తర్వాత, ముందు ఒక ఏడాది సైట్‌లో ఎండకు తిరగాలి. ఇంట్లో ఇంటర్ చదివే చిన్నవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు నాగ్‌పూర్ నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ గురించి చెప్పండి, కొచ్చిలో కుసాట్ కూడా సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్‌లో బీటెక్ ఇస్తోంది.

చేరే ముందు ఆ కంపెనీని రెండు విషయాలు అడగమనండి. ఆరు నెలల తర్వాత డ్రాయింగ్, టెస్టింగ్ వైపు పంపుతారా, ఇన్నేళ్లు మానకూడదనే బాండ్ ఏమైనా ఉందా అని. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టమంటే మాత్రం ఇవ్వొద్దు, జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోమనండి. దానికి ఒప్పుకోకపోతే ఆ కంపెనీ వదిలేయండి, ఇదే పని చేసేవాళ్లు హైదరాబాద్‌లో ఇంకా ఉన్నారు.