సిఫారసు ఉత్తరం కాదు, ఆర్డర్ మీద ఉన్న తేదీ చూడండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఎకరం కొబ్బరి తోట, కొంత కౌలు వరి. మా అబ్బాయి పద్నాలుగేళ్లుగా ఆర్మీలో ఉన్నాడు, ఇప్పుడు నాయక్. వాడి కంటే జూనియర్లు ఇద్దరికి హవల్దార్ ప్రమోషన్ ఇచ్చి వీడిని పక్కన పెట్టారు. ఆ ఇద్దరిలో ఒకతనికి వాళ్ల రాష్ట్రంలో పెద్ద నాయకుడు బంధువట. అబ్బాయి పెట్టుకున్న ఫిర్యాదును కొట్టేస్తూ ఇచ్చిన ఆర్డర్ మార్చి 4న చేతికొచ్చింది, కవర్ పారేశాం. కేసు వేయడానికి సెప్టెంబరు 4 దాకా టైం ఉందనుకుంటున్నాం. ఆ ప్రమోషన్ల సమయంలో వాడు మంచుకొండల మీద డ్యూటీలో ఉన్నాడు, కోర్సుకు కూడా పంపలేదు. మా ఆవిడ సరిగ్గా అన్నం తిని నెలలవుతోంది. మా ప్రాంత నాయకుడు గారు, ఎంపీ గారి చేత రక్షణ మంత్రికి ఉత్తరం రాయిస్తానన్నారు. ప్రజాస్వామ్యంలో సైన్యం మంత్రి చేతిలోనే ఉంటుంది కదా, ఒక్క మాట చెబితే పని అయిపోతుందని ఆయన అంటున్నారు. అబ్బాయి సెలవు మీద వచ్చినప్పుడు యూనిఫాంలో వాళ్ల సభకు రావాలన్నారు. లాకుల దగ్గర అప్పుడే ఫ్లెక్సీ కూడా పెట్టారు, అందులో నాయకుడి బొమ్మ కింద యూనిఫాంలో మా వాడి ఫోటో ఉంది. పీఏ ఖర్చులకని యాభై వేలు అడుగుతున్నాడు, ఇంకా ఇవ్వలేదు. ఒరిజినల్ ఆర్డర్ వాళ్ల దగ్గరే ఉంది. ఫోటో పంపుతున్నాను. అబ్బాయి ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉన్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం ఆగస్టు 1న రాశారు. నేను ఆగస్టు 5న జవాబు రాస్తున్నాను. మీకు విడిగా ఫోన్‌లో కూడా చెప్పాను. మీ ఇంట్లో బాధ గురించి ఇక్కడ రాస్తూ కూర్చోను, ఎందుకంటే మీకు మిగిలింది సరిగ్గా రెండు వారాలు.

మీరు గడువును మార్చి 4 నుంచి లెక్కపెడుతున్నారు. అది తప్పు. మీరు పంపిన ఫోటోలో ఎడమవైపు కింద, మీ బొటనవేలు సగం కప్పేసిన చోట, ఆర్డర్ తేదీ ఫిబ్రవరి 19 అని ఉంది. సైనికుల సర్వీసు కేసులు వినేది సాయుధ దళాల ట్రిబ్యునల్. దాని చట్టం 2007లో సెక్షన్ 22 ప్రకారం తుది ఆర్డర్ ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి. ఆ సెక్షన్‌లో ఉన్నది ఆర్డర్ ఇచ్చిన తేదీ, అందిన తేదీ కాదు. అంటే ఆగస్టు 19. మధ్యలో ఆగస్టు 15 సెలవు, శని ఆదివారాలు ఉన్నాయి. సెప్టెంబరు 4 దాకా టైం ఉందనుకుని మీరు ఆ నాయకుడి ఇంటి చుట్టూ తిరుగుతున్నారు.

గడువు దాటినా తగిన కారణం చూపిస్తే ట్రిబ్యునల్ క్షమించవచ్చు, నిజమే. ఆర్డర్ ఆలస్యంగా అందిందన్నది రెండు వారాలకు కారణం అవుతుంది. మిగతా ఐదున్నర నెలలకు ఏం చెబుతారు? సిఫారసు కోసం ఎదురుచూశామని చెబుతారా? మళ్లీ మళ్లీ అర్జీలు పెట్టుకుంటూ పోతే గడువు పెరగదని 1989లో ఎస్.ఎస్. రాథోర్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చేసింది. చట్టంలో లేని అర్జీ ఎన్నిసార్లు పెట్టినా అంతే. ఎంపీ గారి ఉత్తరం ఆ కోవలోకే వస్తుంది. మంత్రిత్వ శాఖ నుంచి "పరిశీలిస్తున్నాం" అని జవాబు వచ్చినా మీ గడువు ఒక్క రోజు కూడా ముందుకు జరగదు.

ఇక అసలు కేసు. ప్రమోషన్ వచ్చిన ఆ ఇద్దరిలో ఒకతనికి పెద్ద నాయకుడు బంధువని రాశారు. ఆ ఆరోపణ పక్కన పెట్టండి. దురుద్దేశంతో చేశారని కోర్టులో అనాలంటే ఎవరు, ఎప్పుడు, ఎవరికి చెప్పి, ఏం చేయించారో వివరాలు రాయాలి. ఆ మనిషిని పేరు పెట్టి కేసులో ప్రతివాదిగా చేర్చాలి. "విన్నాం" అన్నదానికి అక్కడ విలువ లేదు. పైగా ఒక బలహీనమైన ఆరోపణ పెడితే, పక్కనున్న బలమైన పాయింటును కూడా అది కిందికి లాగేస్తుంది.

మీ బలమైన పాయింటును మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. "కోర్సుకు కూడా పంపలేదు." ఆర్డర్ మూడో పేరాలో ఫిర్యాదు కొట్టేయడానికి చెప్పిన కారణం ఒకటే: ప్రమోషన్ కేడర్ కోర్సు పూర్తి చేయలేదు కాబట్టి ఆ తేదీకి అర్హత లేదు. సీనియారిటీ తక్కువని అనలేదు. రిపోర్టులు బాగాలేవనలేదు. రెడ్ ఇంక్ ఎంట్రీ (రికార్డులో ఎర్ర సిరాతో రాసే శిక్ష) ఉందనలేదు, మెడికల్ కేటగిరీ తగ్గిందనలేదు. మరి కోర్సుకు వెళ్లకపోవడం ఎవరి తప్పు? అబ్బాయి పేరు వచ్చి తనే వద్దన్నాడా, లేక డ్యూటీ అవసరం వల్ల యూనిట్ పంపలేదా? రెండోదైతే, యూనిట్ అవసరానికి కొండ మీద నిలబడిన మనిషిని ఆ కారణంతోనే వెనక్కి నెట్టడం అన్యాయమని వాదించవచ్చు. మీ కేసు గెలుపోటములు ఈ ఒక్క దాని మీదే ఉన్నాయి. కాబట్టి కావలసిన కాగితం కూడా అదే: ఆ బ్యాచ్ కోర్సుకు ఎవరెవరిని పంపారన్న ఆర్డర్, మీ అబ్బాయిని వాయిదా వేస్తూ కంపెనీ నుంచి పైకి వెళ్లిన ఉత్తరం, ఆ నెలల్లో అతను ఎక్కడ ఉన్నాడో చెప్పే పార్ట్ టూ ఆర్డర్లు (యూనిట్ రాసే సర్వీసు రికార్డులు). అబ్బాయి "నన్ను పంపండి" అని అప్పట్లో రాతపూర్వకంగా అడిగి ఉంటే అది బంగారం. నోటిమాటగా అడిగి ఉంటే, ఎవరిని అడిగాడో, ఆ సమయంలో పక్కన ఎవరున్నారో ఇప్పుడే గుర్తు చేసుకుని రాసి పెట్టుకోమనండి.

ఒక విషయం కోప్పడకుండా ఉండలేను. ఆ మూడో పేరా పక్కన ఎర్ర పెన్నుతో "అబద్ధం" అని రాసింది ఎవరు? మీరైనా, అబ్బాయి అయినా, ఆర్డర్ మీద మన రాత పెట్టకూడదు. కోపం వస్తే వేరే కాగితం మీద రాయండి. పైగా ఒరిజినల్ తీసుకెళ్లి పీఏ చేతిలో పెట్టారు, కవర్ పారేశారు. ఆర్డర్ మార్చి 4న అందిందని నిరూపించడానికి ఆ కవర్ మీద పోస్టు ముద్ర ఒక్కటే మీ ఇంట్లో ఉన్న సాక్ష్యం. ఇప్పుడు యూనిట్‌లో ఆర్డర్ అందుకున్నట్టు అబ్బాయి సంతకం చేసిన రిజిస్టర్ మీద ఆధారపడాలి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం మీకు తెలిసే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు, అందరూ మిలటరీ మాధవరం అంటారు. అక్కడ ఒక మాజీ సుబేదార్ గారి ఇంటికి కేసు పని మీద వెళ్లాను. మంచం కింద నుంచి ఆకుపచ్చ ట్రంకు పెట్టె లాగారు. భర్తీ అయిన రోజు కాగితం నుంచి చివరి పెన్షన్ ఆర్డర్ దాకా, ఒక్కోటి కవర్‌తో సహా, సంవత్సరం వారీగా దారం కట్టి ఉన్నాయి. ఆయన కేసు నాకు పెద్ద కష్టం కాలేదు.

ఇప్పుడు మీ నాయకుడు గారు చెప్పిన మాట. సైన్యం ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం కింద ఉంటుంది, అది నిజం, అలాగే ఉండాలి కూడా. రాజ్యాంగం 53వ అధికరణ ప్రకారం సర్వ సైన్యాధిపత్యం రాష్ట్రపతిది, దాన్ని చట్టప్రకారం వాడాలని అక్కడే రాసి ఉంది. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీద నడుచుకుంటారు. యుద్ధమా శాంతా, బడ్జెట్ ఎంత, సైన్యాధిపతి ఎవరు అన్నవి ప్రభుత్వం తేల్చే విషయాలు. 1998 డిసెంబరులో నౌకాదళాధిపతి విష్ణు భగవత్‌ను ప్రభుత్వం పదవి నుంచి తొలగించింది కూడా. కానీ ఒక నాయక్ హవల్దార్ అవ్వాలా వద్దా అన్నది మంత్రి గారి టేబుల్ మీదకు రాదు. అది రికార్డ్ ఆఫీసులో సీనియారిటీ జాబితా, అర్హతల మీద నడుస్తుంది. అలా నడవకపోతే దేశానికి ఏమవుతుందో ఒకసారి చూశాం. 1959లో సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య రాజీనామా ఇచ్చారు, నెహ్రూ గారు నచ్చజెప్పాక వెనక్కి తీసుకున్నారు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో ఆయన గొడవల్లో పై అధికారుల ప్రమోషన్ల విషయం ఒకటి. అప్పట్లో పైవాళ్ల అండతో ఎదిగిన బి.ఎం. కౌల్ 1962 చైనా యుద్ధంలో నేఫాలో (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) ఒక కోర్‌కు, అంటే పెద్ద సేనా విభాగానికి, కమాండర్‌గా ఉన్నారు. ఆ ఓటమి తర్వాత మీనన్, కౌల్ ఇద్దరూ తప్పుకోవలసి వచ్చింది. ప్రాణాలు పోయింది మాత్రం సిపాయిలకు. ప్రమోషన్ వచ్చిన ఆ కుర్రాడికి నిజంగా సిఫారసు జరిగి ఉంటే మీకు కడుపు మండటం న్యాయమే. అదే పని మీ అబ్బాయి కోసం చేయిస్తే ఇంకో తండ్రికి అదే జరుగుతుంది.

అదలా ఉంచి, చట్టం సంగతి చూద్దాం. సర్వీసు విషయంలో బయటి పలుకుబడి తేవడం సైన్యంలో నిషేధం. తండ్రి రాయించినా అబ్బాయే రాయించాడనే చూస్తారు. ఆ ఉత్తరం అతని ఫైల్లో చేరుతుంది, మళ్లీ బయటికి రాదు. 2012లో సైన్యాధిపతిగా ఉండగానే జనరల్ వి.కె. సింగ్ తన పుట్టిన సంవత్సరం 1950 కాదు, 1951 అని సుప్రీంకోర్టుకు వెళ్లారు. అంతకు ముందు 1950 తేదీని ఒప్పుకుంటూ ఆయనే రాసిన ఉత్తరాలు ఎదురుగా నిలబడ్డాయి. కోర్టు జోక్యం చేసుకోనంది, ఆయన పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. సైన్యాధిపతి స్థాయి మనిషినే వదలని కాగితం నాయక్‌ను వదులుతుందా?

సభ సంగతి ఇంకా ప్రమాదం. ఆర్మీ రూల్స్ 1954లో 20వ రూల్ ప్రకారం సైనికుడు రాజకీయ సభకు హాజరు కాకూడదు, మాట్లాడకూడదు, పార్టీకి చందా కూడా ఇవ్వకూడదు. సెలవులో ఉన్నా ఆర్మీ చట్టం అతనికి వర్తిస్తుంది. యూనిఫాంలో స్టేజీ మీద కూర్చుంటే సెక్షన్ 63 కింద క్రమశిక్షణ కేసు పెట్టవచ్చు, దానికి ఏడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. ప్రమోషన్ కోసం వెళ్లి ఉద్యోగం పోగొట్టుకునే దారి అది. లాకుల దగ్గర ఫ్లెక్సీలో నాయకుడి బొమ్మ కింద యూనిఫాంలో మీ అబ్బాయి ఫోటో ఉందన్నారు. సైనికుల ఫోటోలు పార్టీ ప్రచారంలో వాడవద్దని ఎన్నికల సంఘం 2013లో చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తు చేసింది. ఆ ఫ్లెక్సీ ఈ రోజే తీయించండి. తీయమని మీరు అడిగినట్టు వాట్సాప్‌లో ఒక మెసేజ్ కూడా పెట్టండి, రేపు అబ్బాయికి అది రక్షణ. ఫేస్‌బుక్‌లో గోడు వెళ్లబోసుకోవడం కూడా వద్దు.

యాభై వేలు ఇవ్వకండి. అవినీతి నిరోధక చట్టంలో తీసుకున్నవాడికే కాదు, ఇచ్చినవాడికీ ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేయాలి, లేదంటే ఆ మాట చెప్పుకునే అవకాశం పోతుంది.

చేయవలసింది చెబుతాను. కేసు మీరు వేయలేరు, అబ్బాయే వేయాలి. వకాల్తా మీద సంతకం అతనిది. సికింద్రాబాద్‌లో పోస్టింగ్ కాబట్టి ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనం పరిధిలోకి వస్తుంది. అమలాపురం కోర్టులో వేస్తే పనికిరాదు. హైకోర్టు తలుపు పూర్తిగా మూసుకోలేదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ముందు ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సిందే. పోస్టింగు, సెలవుల గొడవలైతే ట్రిబ్యునల్ వినదు. మీది ప్రమోషన్, కాబట్టి వింటుంది. ప్రమోషన్ వచ్చిన ఆ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. వాళ్లు తప్పు చేశారని కాదు, సీనియారిటీ మారితే నష్టపోయేది వాళ్లు కాబట్టి. వాళ్లను వదిలేస్తే కేసు ఆ ఒక్క కారణంతో దెబ్బతింటుంది. అడగవలసింది కూడా కొలిచి అడగండి: కోర్సు అవకాశం ఇచ్చి, పాసైతే జూనియర్ల తేదీ నుంచి సీనియారిటీ ఇవ్వాలని. వాళ్ల ప్రమోషన్ రద్దు చేయమని అడిగితే కేసు బరువెక్కుతుంది.

అన్ని కాగితాలూ చేతికి రాలేదని ఆగకండి. ఉన్న ఫోటోతోనే వేయవచ్చు, మిగతావి తెప్పించమని ట్రిబ్యునల్‌నే కోరవచ్చు. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ కోసం అబ్బాయి యూనిట్‌లో ఈ రోజే రాతపూర్వకంగా అడగాలి. కోర్సు జాబితాల కోసం సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టమనండి. ఆ చట్టం నుంచి ఆర్మీకి మినహాయింపు లేదు, ఫీజు పది రూపాయలు. కానీ జవాబుకు ముప్పై రోజులు పడుతుంది, గడువు దాని కోసం ఆగదు. దరఖాస్తు అబ్బాయి పేరు మీదే ఉండాలి. మీరు అడిగితే వేరే వ్యక్తి సమాచారం అని తిప్పి పంపేస్తారు. ఆలస్యం క్షమించమని కోరే పిటిషన్ కూడా ముందే తయారు చేసి ఉంచమని లాయరుకు చెప్పండి, ఒకవేళ రెండు రోజులు అటూ ఇటూ అయితే పనికొస్తుంది. సైన్యం కేసులు చేసే లాయరు తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అక్కడికి వచ్చే మాజీ సైనికుల్లో ఈ దారి నడిచినవాళ్లు ఉంటారు.

ఒరిజినల్ ఆర్డర్ కోసం పీఏ దగ్గరికి మీరు రేపు ఉదయమే వెళ్లండి. తోడుగా ఊళ్లో ఒకరిని తీసుకెళ్లండి. గొడవ పడొద్దు, కేసుకు కావాలని చెప్పి తెచ్చుకోండి. ఆ ఎర్ర పెన్ను రాతను చెరపకండి, తుడవకండి. అది ఎవరు రాశారో అఫిడవిట్‌లో ఒక్క వాక్యంలో ఒప్పుకుంటే సరిపోతుంది.