పదహారేళ్ల అబ్బాయిని షాపులో పనికి పంపవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. పదో తరగతి పాసయ్యాడు. ఇంటర్‌లో చేరేలోపు మా ఊళ్లోని సెల్‌ఫోన్ షాపులో పనికి వెళ్తానంటున్నాడు. ఉదయం 10 నుంచి రాత్రి 9 దాకా ఉండాలని, ఏడాదికి బాండు రాసి ఒరిజినల్ మెమో ఇవ్వాలని ఓనరు అంటున్నారు. మైనరును పనికి పంపితే నా మీద కేసవుతుందా?
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: పంపడం నేరం కాదు. ఓనరు పెట్టిన షరతులే చట్టానికి విరుద్ధం.

1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. దాని ప్రకారం పద్నాలుగేళ్లు నిండనివారిని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి వేళలు అయ్యాక, సెలవుల్లో సొంతవాళ్ల వ్యాపారంలో సాయం చేయడం, సినిమా, టీవీల్లో నటించడం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 14 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లను గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర రసాయన ప్రక్రియల్లాంటి వాటికి దూరంగా ఉంచాలి. సెల్‌ఫోన్ షాపు వాటి కిందికి రాదు.

ఇక వేళల సంగతి. మీవాడి వయసువాళ్లతో ఏకబిగిన మూడు గంటలకు మించి పని చేయించకూడదు. తర్వాత కనీసం గంట విరామం ఇవ్వాలి. ఆ విరామం, ఖాళీగా కూర్చున్న సమయంతో సహా రోజు మొత్తం ఆరు గంటలు దాటకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని చేయించరాదు. ఓవర్‌టైం కుదరదు, వారానికో సెలవు తప్పనిసరి. అంటే పదింటికి వెళ్తే నాలుగింటికి ఇంటికి రావాలి. ఓనరు అడుగుతున్నది పదకొండు గంటలు! పైగా కుర్రాడిని పెట్టుకున్న 30 రోజుల్లోగా లేబర్ ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు ఇవ్వాలి, రిజిస్టరు రాయాలి. ఇవి పాటించకపోతే నెల దాకా జైలు, పది వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ మాట మెత్తగానే ఆయన చెవిన వేయండి, చాలామంది ఓనర్లకు ఇవేవీ తెలియవు.

బాండు గురించి బెంగ వద్దు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకు అత్యున్నత అప్పీలు కోర్టు) తేల్చింది. మధ్యలో మానేసినా మీవాడి నుంచి ఆ కాగితం మీద పైసా వసూలు కాదు. అయితే హామీదారుగా మీ సంతకం అడిగితే మాత్రం పెట్టకండి, మీరు మైనరు కాదు కదా. వయసు రుజువుకు మెమో జిరాక్సు ఇచ్చి ఒరిజినల్ ఇంట్లోనే ఉంచండి. ఒకసారి చేజారితే ఇంటర్ అడ్మిషన్ వేళకు మీరే ఆయన చుట్టూ తిరగాలి. జీతం మీవాడి బ్యాంకు ఖాతాలో వేయమనండి, రేపు పేచీ వస్తే అదే సాక్ష్యం.

మీరు అడగని విషయం ఒకటుంది. పార్సిల్ ఇచ్చి రమ్మని బండి తాళం చేతిలో పెడితే ఒప్పుకోవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. పదహారేళ్లకు లైసెన్సు వచ్చేది 50 సీసీలోపు గేర్లు లేని బండికే. మామూలు స్కూటీలన్నీ అంతకు పైబడినవే. మైనరు నడుపుతూ నేరం చేస్తే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. మీ అసలు ప్రశ్న మీ మీద కేసవుతుందా అనే కదా, అయితే గియితే ఇక్కడే అవుతుంది.