ఉమ్మి ఒక్కరిది, డేటా ఇంటిల్లిపాదిది

ప్రశ్న: మా ఆఫీసు హెల్త్ క్యాంపులో డీఎన్ఏ టెస్ట్ కిట్లు ఫ్రీగా ఇస్తున్నారు. ట్యూబులో ఉమ్మి నింపి యాప్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఏ జబ్బులు వచ్చే అవకాశం ఉందో చెబుతారట. యాప్‌కి కాంటాక్ట్స్, లొకేషన్ పర్మిషన్ ఇవ్వకపోతే సరిపోతుందా?
- బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక టెస్టింగ్ ఇంజినీర్

ఈ రెండు నెలల్లో ఇదే ప్రశ్న ఆరోసారి. ఐటీ వాళ్లే అడుగుతున్నారు, అందరూ పర్మిషన్ల దగ్గరే ఆగిపోతున్నారు. ఆ రెండూ ఆపేయండి, మంచిదే. మరి ట్యూబులో పోసి ఇచ్చేదాని సంగతేంటి? పాస్‌వర్డ్ లీకైతే మార్చుకుంటాం, కార్డు పోతే బ్లాక్ చేయిస్తాం, డీఎన్ఏ లీకైతే మార్చుకోవడానికి ఏముంది? అందులో సగం మీ అమ్మది, సగం మీ నాన్నది, మీ తమ్ముడితోనూ దాదాపు సగం కలుస్తుంది. వాళ్లెవరినీ మీరు అడగలేదు కదా.

2023లో అమెరికాలో ఒక పెద్ద డీఎన్ఏ టెస్టింగ్ కంపెనీలో ఏం జరిగిందో చూడండి. వేరే సైట్ల నుంచి బయటపడ్డ పాస్‌వర్డ్‌లను హ్యాకర్లు అక్కడ వేసి చూశారు. అన్ని చోట్లా ఒకే పాస్‌వర్డ్ వాడేవాళ్ల ఖాతాలు, సుమారు 14 వేలు, తెరుచుకున్నాయి. ఆ సైట్‌లో డీఎన్ఏ కలిసే బంధువులను వెతికి చూపించే ఫీచర్ ఒకటుంది, దాన్ని పట్టుకుని ఆ 14 వేల ఖాతాల నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు లాగేశారు. ఆ 69 లక్షల్లో ఎంతమంది గట్టి పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటారో! ఎక్కడో ఉన్న ఏ పినతల్లి కొడుకో బద్ధకించాడు, వీళ్ల వివరాలు బజారున పడ్డాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, ఆ రోజుల్లోనే కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ముందుకొచ్చి మీ డేటా డిలీట్ చేయించుకోండి అని జనానికి గుర్తు చేయాల్సి వచ్చింది. మీరు కంపెనీని నమ్మి ఇస్తారు, రేపు దాన్ని ఎవరు కొంటారో మీ చేతుల్లో ఉండదు.

మన ఇళ్లలో ఇది ఇంకాస్త చిక్కు. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో బంధువుల మధ్య కలిసే డీఎన్ఏ మామూలు కంటే ఎక్కువ, ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వెళ్లినట్టే వై క్రోమోజోమ్ కూడా వెళ్తుంది. పేరు తీసేసిన డీఎన్ఏ డేటా నుంచి కూడా వై క్రోమోజోమ్ ఆధారంగా ఇంటిపేరు పట్టుకోవచ్చని 2013లోనే పరిశోధకులు చేసి చూపించారు. పేరు తీసేశాం, ఇక భయం లేదు అని కన్సెంట్ ఫారంలో రాస్తే నేను నమ్మను.

ఇక మన ల్యాబుల సంగతి. పోయినేడాది ఒక ల్యాబులో రక్తపరీక్ష చేయించుకుంటే రిపోర్టు లింకు ఎస్ఎంఎస్‌లో వచ్చింది. అనుమానం వచ్చి అదే లింకును మా ఆవిడ ఫోన్‌లో తెరిచాను. ఓటీపీ లేదు, లాగిన్ లేదు, నేరుగా నా పేరు, వయసు, ఫోన్ నంబరుతో సహా రిపోర్టు వచ్చేసింది. ఫోన్ చేసి చెబితే, పేషెంట్లకు ఈజీగా ఉంటుందని అలా పెట్టాం సార్ అన్నారు. షుగర్ రిపోర్టుకే ఇంత నిర్లక్ష్యమైతే జీనోమ్ రిపోర్టుకు ఏం చేస్తారు? పాస్‌వర్డ్ పెట్టేవాళ్లు పెట్టేదేమో పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం. అది మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రతి ఒక్కరికీ తెలుసు, పుట్టినరోజుకు కేక్ ఫొటో పెట్టింది మీరే.

అందుకే చెబుతున్నా, ఆఫీసు క్యాంపులో వద్దు. ఆఫీసు ఈమెయిల్‌తో అసలే వద్దు. జన్యువులను చూసి ఉద్యోగంలో, ఆరోగ్య బీమాలో వివక్ష చూపకూడదని అమెరికాలో 2008 నుంచి చట్టం ఉంది, మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఇంట్లో వంశపారంపర్య జబ్బు ఉండి డాక్టర్ రాస్తే తప్పకుండా చేయించుకోండి, జన్యు పరీక్ష ఫలితాలను విడమరిచి చెప్పే జెనెటిక్ కౌన్సిలర్ ఉన్న ఆసుపత్రిలో. సరదాకి మాత్రం చేయించుకోకండి.

ప్రశ్న: ఆధార్ లాగే అందరి డీఎన్ఏ తీసుకుంటారని వాట్సాప్‌లో ఫార్వర్డ్ వచ్చింది. రాయచోటిలో మా నాన్న టెన్షన్ పడుతున్నారు. నిజమేనా?
- కె.ఆర్.పురం నుంచి ఒక పాఠకురాలు

అందరి దగ్గరా తీసుకునే చట్టం లేదని నాన్నగారికి చెప్పండి. జాతీయ డీఎన్ఏ డేటా బ్యాంకు పెట్టడానికి 2019లో లోక్‌సభలో బిల్లు తెచ్చారు, పార్లమెంటరీ స్థాయీ సంఘం 2021లో నివేదిక ఇచ్చింది, 2023 జులైలో ప్రభుత్వం బిల్లును వెనక్కి తీసుకుంది. అయితే 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం అమల్లో ఉంది. నేరాల కేసుల్లో అరెస్టయినవాళ్ల నుంచి, శిక్ష పడినవాళ్ల నుంచి వేలిముద్రలతో పాటు ఐరిస్, రక్తం లాంటి జీవ నమూనాలు, వాటి విశ్లేషణ కూడా తీసుకోవచ్చు, రికార్డులు 75 ఏళ్లు ఉంచొచ్చు. పాత శిక్షలేవీ లేని మనిషి నిర్దోషిగా బయటపడితే, కోర్టు వద్దనకపోతే, చెరిపేయాలని అందులోనే ఉంది. చెరిపేశారో లేదో సామాన్యుడు వెళ్లి చూసుకునే దారేది? నా గొడవంతా అక్కడే.

డీఎన్ఏ వాడొద్దని నేననను. 2023 జూన్‌లో బాలాసోర్ దగ్గర రైళ్లు ఢీకొన్నప్పుడు బెంగళూరు నుంచి హౌరా వెళ్తున్న బండి కూడా అందులో ఉంది. గుర్తుపట్టలేని మృతదేహాల్లో చాలావాటిని బంధువుల రక్త నమూనాలతో పోల్చే ఇళ్లకు చేర్చారు. కొడుకు కోసం అలా రక్తమిచ్చిన తండ్రి నమూనా పని అయ్యాక ఏమైంది, నేరస్థుల జాబితాతో పోల్చి చూస్తారా, ఇది ముందే రాసిపెట్టి ఉండాలి. నేర పరిశోధనకు పనికొచ్చే ప్రొఫైల్ చిన్నది, అమెరికా వాళ్లు 2017 నుంచి డీఎన్ఏలో 20 చోట్ల మాత్రమే చూసి అంకెలుగా దాస్తున్నారు. ఆ అంకెల్లో మీ జబ్బుల గురించి పెద్దగా తెలియదు. ఫ్రీజర్‌లో మిగిలిన అసలు నమూనాలో అన్నీ ఉంటాయి. అందుకే బ్రిటన్‌లో 2012 చట్టం ఆ నమూనాను ఆరు నెలల్లోపు నాశనం చేయాలంటుంది. మన దగ్గర బిల్లు మళ్లీ వస్తే మొదట వెతకాల్సిన వాక్యం అదే.

నాన్నగారి భయం గాల్లోంచి వచ్చింది కాదు. రాయచోటి వైపు చాలా ఇళ్ల నుంచి ఎవరో ఒకరు కువైట్‌లో ఉంటారు. 2015లో మసీదుపై బాంబు దాడి తర్వాత ఆ దేశం, పౌరులూ అక్కడ పనిచేసే విదేశీయులూ అందరూ డీఎన్ఏ ఇవ్వాలని చట్టం చేసింది. 2017 అక్టోబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానమే దాన్ని కొట్టేసింది. అదే ఏడాది ఆగస్టులో, మన బెంగళూరులో ఉండిన రిటైర్డ్ జడ్జి, దివంగత పుట్టస్వామి గారు వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం చెప్పింది. ఆయన ఆ పిటిషన్ వేసేనాటికి ఎనభై దాటారు. ఈ సంగతి నాన్నగారికి చెప్పండి, ధైర్యంగా ఉంటుంది.

ప్రశ్న: కిట్ వాడేశాను. భయమేసి యాప్ తీసేశాను. చాలు కదా?
- మడివాళ నుంచి

చాలదు, ఫోన్‌లో ఐకాన్ పోయిందంతే. మళ్లీ లాగిన్ అయి ముందు మీ రిపోర్టు దించుకోండి, బంధువులను వెతికే ఫీచర్, పరిశోధనకు ఇచ్చిన సమ్మతి రెండూ ఆఫ్ చేయండి, ఆ తర్వాత ఖాతా మూయమని కోరండి. నమూనా నాశనం చేయమని వేరుగా మెయిల్ రాయండి, చాలా కంపెనీలకు అది వేరే పని. రిక్వెస్ట్ అందింది అని వచ్చే ఆటోమేటిక్ జవాబుతో ఊరుకోకండి. మీ కిట్ బార్‌కోడ్ నంబరు, నమూనా నాశనం చేసిన తేదీ, రెండూ ఉన్న జవాబు వచ్చేదాకా అదే మెయిల్ మీద మళ్లీ మళ్లీ రాయండి.