గుడారంలో ఉన్నవాళ్ల ఓటు

ప్రశ్న: 2023 ఫిబ్రవరి భూకంపంలో ఒక్క టర్కీలోనే 53 వేల మందికి పైగా చనిపోయారు. అక్రమ కట్టడాల సంగతి, సహాయం ఆలస్యమైన సంగతి అందరికీ తెలుసు. అయినా నాలుగు నెలలు తిరక్కుండానే ఎర్డోగాన్ మళ్లీ అధ్యక్షుడయ్యారు. జనం అంత త్వరగా మరిచిపోతారా?
(ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: మరిచిపోలేదండీ. ఆ మాట అంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే. అదియమాన్ అనే ఒక్క నగరం కథ చెప్తాను, చూడండి.

ఫిబ్రవరి 6న తెల్లవారుజామున 4.17కి 7.8 తీవ్రతతో భూమి కంపించింది. ఆ మధ్యాహ్నమే ఇంకోటి, 7.5. గడ్డకట్టే చలిలో శిథిలాల కింద నుంచి అయినవాళ్ల కేకలు వినిపిస్తుంటే, క్రేన్ల కోసం, సహాయక బృందాల కోసం అదియమాన్ జనం ఎదురుచూశారు. మొదటి రోజుల్లో అనుకున్నంత బాగా పనిచేయలేకపోయామని ఎర్డోగాన్ అదే ఊరికి వచ్చి ఫిబ్రవరి 27న మన్నింపు అడిగారు. ఏడాదిలో 3 లక్షల 19 వేల ఇళ్లు కట్టిస్తామని ప్రభుత్వం మాటిచ్చింది.

ఇప్పుడు మీరే గుడారంలో ఉన్నారనుకోండి. ఇల్లు ఇస్తానంటున్న మనిషి అధికారంలో ఉన్నాడు. ప్రతిపక్షం గెలిస్తే ఆ పని ఎప్పుడు మొదలవుతుందో తెలియదు. పైగా ఆ ప్రాంతం చాలాకాలంగా ఆయన పార్టీకి అండ. భూకంప కేంద్రమున్న కహ్రమన్మరాష్‌లో ఆయనకు 70 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. దాన్ని నేను అమాయకత్వం అనను. పిల్లలతో చలికాలం ఎలా గడపాలన్న టెన్షన్‌లో వేసిన ఓటు అది.

ఏడాది గడిచింది. చెప్పిన ఇళ్లలో చిన్న భాగమే చేతికొచ్చింది. 2024 మార్చి స్థానిక ఎన్నికల్లో అదే అదియమాన్ నగరపాలికను ప్రధాన ప్రతిపక్ష పార్టీ అయిన సీహెచ్‌పీకి అప్పగించింది. అన్ని ఊళ్లూ అలా చేయలేదు. భూకంపం దెబ్బతిన్న మరో ప్రాంతం హతాయ్ ప్రతిపక్షం చేతిలో ఉండేది, దాన్ని అధికార పార్టీ గెలుచుకుంది. అక్కడి ప్రతిపక్ష మేయర్ మీదా జనానికి కోపముంది మరి.

నాకు ఓట్ల కంటే ముఖ్యమనిపించేది కోర్టులో జరిగింది. అదియమాన్‌లో ఇసియాస్ అనే హోటల్ కూలి 72 మంది చనిపోయారు. వాళ్లలో సైప్రస్ దీవి ఉత్తర భాగంలోని ఫామగుస్తా ఊరి నుంచి వాలీబాల్ పోటీలకు వచ్చిన బడిపిల్లలు 24 మంది. తోడొచ్చిన టీచర్లు, తల్లిదండ్రులతో కలిపి ఆ బృందంలో 35 మంది పోయారు. కాంక్రీటులో నదిలోంచి తెచ్చిన ఇసుక, గులకరాళ్లు వాడారని నిపుణులు తేల్చారు. అనుమతి లేకుండా పైన ఒక అంతస్తు వేశారని కూడా బయటపడింది. పిల్లల అమ్మానాన్నలు సముద్రం దాటి వచ్చి విచారణల్లో కూర్చున్నారు. 2024 డిసెంబరులో యజమానికి 18 ఏళ్ల 5 నెలల జైలుశిక్ష పడింది.

అది వాళ్లకు చాలలేదు. నాకూ చాలదు. ఎందుకంటే అక్రమ కట్టడం ఒక్క యజమాని చేతిమీదుగా నిలబడదు. 2018 ఎన్నికలకు ముందు ప్రభుత్వం నిర్మాణ క్షమాభిక్ష తెచ్చింది. రుసుము కడితే చాలు, అక్రమ భవనానికి పత్రం వచ్చేసేది. భూకంపానికి ఆగుతుందా లేదా అన్నది యజమాని బాధ్యతే. మరుసటి ఏడాది ప్రచారంలో కహ్రమన్మరాష్‌లోనే నిలబడి, ఈ పథకంతో ఇక్కడి 1,44,156 మంది సమస్య తీర్చామని ఎర్డోగాన్ గొప్పగా చెప్పుకున్నారు. ఆ వీడియో భూకంపం తర్వాత మళ్లీ తిరిగింది. చూస్తే కడుపు మండిపోతుంది.

కాంట్రాక్టర్లను, బిల్డర్లను వందల్లో అరెస్టు చేశారు. కానీ సంతకాలు పెట్టిన ఉద్యోగుల మీద కేసు నడపాలంటే టర్కీలో ముందు పైఅధికారుల అనుమతి కావాలి. అందుకే హోటల్ విషయంలో కూడా ఉద్యోగుల కేసు విడిగా, ఆలస్యంగా నడిచింది. యజమానికి పడిన శిక్ష నిర్లక్ష్యం కింద పడింది. ప్రాణాలు పోతాయని తెలిసీ లెక్కచేయకుండా చేసిన నేరంగా కోర్టు దాన్ని గుర్తించాలని, అనుమతులిచ్చినవాళ్లు కూడా బోనెక్కాలని ఆ తల్లిదండ్రులు అడుగుతూ వచ్చారు.