యానిమేషన్ నేర్చుకుంటున్న అమ్మాయికి లోపాలు చెప్పేదెవరు?

ప్రశ్న: మా అమ్మాయి ఏడాదిన్నరగా ఇంట్లోనే వీడియో పాఠాలు చూస్తూ బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ యానిమేషన్ నేర్చుకుంటోంది. చేసినవాటిని సామాజిక మాధ్యమాల్లో పెడితే ‘సూపర్’ అన్న మాట తప్ప మరేమీ రాదు. ఈమధ్య ఒక అనుభవజ్ఞుడు ఆమె చేసిన నడకను చూసి ‘ఇందులో బరువు లేదు’ అని రాశారు. అప్పటి నుంచి వారం రోజులుగా కంప్యూటర్ ముందు కూర్చోవడం లేదు. ఆ వీడియో మా బంధువులందరికీ పంపాను, వాళ్లకేమో నచ్చింది. స్టూడియోలలో పనిచేసేవారు ప్రతివారం పని చూసి సలహాలిచ్చే ఆన్‌లైన్ కోర్సులో చేర్చమంటారా, పూర్తికాలపు శిక్షణ సంస్థలో చేర్చమంటారా, ఇలాగే నేర్చుకోనివ్వమంటారా? అసలు ఆమెకు ప్రతిభ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? – ఒక తండ్రి

జవాబు: మీరు మూడు దారుల మధ్య పోలిక అడిగారు గానీ, ఉత్తరమంతా చదివాక నా మనసులో నిలిచింది చివరి వాక్యమే. యానిమేషన్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు రాసే ఉత్తరాలు ఎక్కడ మొదలైనా దాదాపుగా ఆ వాక్యం దగ్గరికే వచ్చి ఆగుతాయి. మిగతా చదువుల్లో మార్కులుంటాయి కనుక ఇంట్లోవాళ్లకు ఏదో ఒక కొలత దొరుకుతుంది. ఇక్కడ అది లేదు కనుక, తెలిసినవారెవరైనా ఒకసారి చూసి ‘ఉంది’ అనో ‘లేదు’ అనో తేల్చేస్తే నిశ్చింతగా ఉండవచ్చని అనిపించడం సహజం. అయితే ఫీడ్‌బ్యాక్‌కు ఆ పని అప్పగించడం వల్లనే సగం కష్టాలు వస్తున్నాయి. ఫలానా షాట్ ఫలానా దశలో ఉన్నప్పుడు చూసేవారికి ఏం కనిపించిందో, ఏం కనిపించలేదో చెప్పే మాట మాత్రమే అది. దానిని తన మీద ఇచ్చిన తీర్పుగా వినడం మీ అమ్మాయికి ఇంట్లోనే అలవాటైందేమోనని నా అనుమానం.

‘బరువు లేదు’ అన్న మాటనే తీసుకోండి. మీకది నిందలా వినిపించింది, యానిమేటర్ల మధ్య అది రోజువారీ సాంకేతిక పరిశీలన. సెకనుకు 24 ఫ్రేముల, అంటే 24 నిశ్చల చిత్రాల లెక్కన, మామూలు నడకలో ఒక్కో అడుగుకు సుమారు 12 ఫ్రేములు పడతాయి. మడమ నేలను తాకిన రెండు మూడు ఫ్రేములకు మోకాలు వంగి, ఒంటి బరువంతా ఆ కాలి మీదికి వచ్చి, నడుము అన్నింటికన్నా కిందికి దిగాలి. రెండో కాలు దానిని దాటి ముందుకు వెళ్లేటప్పుడు నడుము మళ్లీ పైకి లేస్తూ, బరువు మోస్తున్న కాలి వైపు కాస్త ఒరగాలి కూడా. కొత్తవారు కాళ్లూ చేతులూ కదిలించడంలో మునిగిపోయి నడుమును తిన్నగా ముందుకు జరిపేస్తారు, దానితో బొమ్మ నడుస్తున్నట్టు కాక గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. కదలికలను రేఖలుగా చూపే గ్రాఫ్ ఎడిటర్‌లో నడుము పైకీ కిందికీ కదిలే రేఖను తెరిచి చూస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది, దిద్దడం ఒక పూట పని. ముక్కూమొహం తెలియని మనిషి తన సమయం వెచ్చించి, అన్నింటికన్నా పెద్ద లోపాన్ని ఏరి చెప్పి వెళ్లాడు. అనుభవమున్నవారు చేసేది అదే: పెద్దది సరికాకుండా చేతివేళ్ల గురించి, కనురెప్పల గురించి మాట్లాడరు.

లోపాలు వినడం ఈ వృత్తిలో నేర్చుకునే దశతో ముగిసిపోయేది కాదని మీ ఇద్దరికీ తెలియాలి. 1930లలో వాల్ట్ డిస్నీ స్టూడియోలో, పెన్సిల్‌తో గీసిన కదలికలను చిత్రీకరించి గాలి ఆడని ఒక చిన్న గదిలో వేసి చూసేవారు. దానికి ‘స్వెట్‌బాక్స్’ అని పేరు. ఎంత చేయి తిరిగిన యానిమేటరైనా అక్కడ కూర్చుని తన పనిలో ఏం కుదరలేదో వినవలసిందే. నేటి స్టూడియోలలో ‘డైలీస్’ పేరుతో జరిగేదీ దాదాపు అదే. పూర్తికాని షాట్‌ను దర్శకుడి ముందు, తోటివారి ముందు పెట్టి, మార్పులు రాసుకుని వెళ్లి, దిద్ది మళ్లీ తీసుకురావడమే యానిమేటర్ ఉద్యోగం. కనుక మీ అమ్మాయి ఇప్పుడు వారం రోజులుగా దేని నుంచి తప్పించుకుంటోందో, రేపు ఉద్యోగం వచ్చాక దానినే నిత్యం చేయవలసి ఉంటుంది. ఆమెను భయపెట్టడానికి ఈ మాట అనడం లేదు. ఇది కూడా సాధనతో వచ్చే నేర్పేనని, పుట్టుకతో వచ్చే గట్టితనం కాదని చెప్పడానికే అంటున్నాను. మొదటి విమర్శకు వారం రోజులు ముడుచుకుపోవడం నేను తరచుగా చూసేదే, అందులో మీరు బెంగపడవలసిందేమీ లేదు.

ఇక ఆమెకు నేరుగా ఒక సలహా. అమ్మా, నీవు నీ పనిని చూపించే వేళ సరైనది కాదనుకుంటున్నాను. నేర్చుకునేవారిలో చాలామంది షాట్‌ను పూర్తిగా నునుపు చేసి, లైట్లు పెట్టి, రెండర్ చేసి (తుది వీడియోగా మార్చి), అప్పుడు ‘ఎలా ఉందో చెప్పండి’ అంటారు. ఆ దశలో వచ్చిన సలహా ఎంత మంచిదైనా, ఇల్లు కట్టిన తరువాత గోడ జరపమన్నట్టే ఉంటుంది. అడగవలసింది బ్లాకింగ్ దశలో, అంటే ముఖ్యమైన భంగిమలు మాత్రమే పెట్టి, మధ్య కదలికను స్ప్లైన్‌లోకి, అంటే ఆ భంగిమలను కంప్యూటర్ నునుపుగా కలిపే దశలోకి, మార్చకముందు. అప్పటికి ఒక్కో భంగిమ మీద కొద్ది నిమిషాలే పెట్టి ఉంటావు కనుక తీసేయమన్నా ప్రాణం విలవిలలాడదు. కథ అర్థమవుతోందా, భంగిమను నీడగా చూసినా ఏం చేస్తున్నాడో తెలుస్తోందా, రెండు చేతులూ ఒకేలా కదిలి జంటబొమ్మల్లా లేవు కదా అన్నవి అక్కడే తేలిపోవాలి. స్ప్లైన్‌లోకి వెళ్లాక మరోసారి చూపించి, అప్పుడు టైమింగ్ (కదలికకు ఎన్ని ఫ్రేములు పట్టాలి), స్పేసింగ్ (ఒక్కో ఫ్రేముకు ఎంత దూరం జరగాలి), చేతులు తిరిగే వంపుల గురించి అడగాలి. వేళ్లూ రెప్పలూ చివరి దశలో చూసుకోవలసినవి.

అడిగే తీరు కూడా ముఖ్యమే. ‘ఎలా ఉంది?’ అంటే ‘బాగుంది’ అన్న జవాబే వస్తుంది, అది చూసినవారి తప్పు కాదు. ఇతను అలసిపోయి ఉన్నాడని చూసేవారికి తెలియాలి, ఇప్పుడు బ్లాకింగ్‌లో ఉంది, కుర్చీలో కూలబడేచోట బరువు కుదిరిందో లేదో అనుమానంగా ఉంది అని రెండు మూడు వాక్యాలు రాస్తే చూసేవారి దృష్టి అక్కడ నిలుస్తుంది. వీడియో మీద ఫ్రేము సంఖ్య కనిపించేలా ప్లేబ్లాస్ట్ (రెండర్ చేయకుండా త్వరగా తీసే నమూనా వీడియో) తీసి ఇస్తే ‘38 నుంచి 44 వరకు చేయి ఆగిపోయింది’ అని చెప్పగలుగుతారు. రెఫరెన్స్‌గా నీవే నటించి తీసుకున్న వీడియో ఉంటే దానినీ జతచేయి. చూపించే ముందు నీ అంతట నీవు తీయగల లోపాలను తీసేయడం మర్యాద కూడా: షాట్‌ను అద్దంలోలా ఎడమ కుడి తిప్పి చూడు, ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతూ పాదాలు జారుతున్నాయా, మోకాలు చటుక్కున ఎగురుతోందా గమనించు, మణికట్టు తిరిగే దారిని మోషన్ పాత్‌గా పెట్టి చూడు, ఒక రాత్రి వదిలేసి మర్నాడు మళ్లీ చూడు.

ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఎవరి మాట వినాలన్నది అందరికీ వచ్చే సందేహం. ఒకరు తల ముందు తిప్పమంటారు, మరొకరు ఆ చోట ఇంకో నాలుగు ఫ్రేములు ఆగమంటారు. ఇద్దరి మందులూ వేరు కావచ్చు, కానీ ఇద్దరి వేలూ షాట్‌లో ఒకేచోట పడిందంటే అక్కడ ఏదో ఉన్నట్టే, మందు నీవే వెతుక్కోవాలి. ఏ షాట్‌కైనా అతికించగల మాటను మాత్రం పక్కన పెట్టేయవచ్చు. ‘ఇంకాస్త జీవం కావాలి’ వంటివి అటువంటివే. కృత్రిమ మేధ సాధనాలకు వీడియో ఇచ్చి అభిప్రాయం అడుగుతున్న పిల్లలు నాకు చూపించిన జవాబుల్లో ఎక్కువ భాగం ఈ కోవలోనివే, పైగా మెత్తటి పొగడ్తతో మొదలవుతాయి.

బ్లెండర్ తెలిసినవారే సలహా ఇవ్వాలని కూడా లేదు. చేతితో గీసే యానిమేషన్ సూత్రాలు కంప్యూటర్ బొమ్మలకూ వర్తిస్తాయని యానిమేటర్ జాన్ లాసెటర్ 1987లో సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో ఒక పత్రంలో వివరించారు. ఈ రంగంలో నేటికీ ఆ సూత్రాల మీదనే పాఠాలు నడుస్తున్నాయి. కనుక బొమ్మలు గీసేవారు, నాట్యం నేర్పేవారు, నాటకాలు వేసేవారు నీ బొమ్మ నడకలో చూడగలిగినది సాఫ్ట్‌వేర్ మెనూలన్నీ కంఠతా వచ్చినవారు చూడలేకపోవచ్చు.

ఇప్పుడు మీ విషయం, నాన్నగారూ. వీడియోను బంధువులందరికీ పంపానని సంతోషంగా రాశారు. అమ్మాయిని అడిగి పంపారా? సగం చేసిన అభ్యాసాన్ని పదిమందికి పంచిపెడితే, తరువాత వచ్చిన ఒక్క విమర్శ ఆమెకు ఆ పదిమంది ఎదుట అవమానంలా తోచదా? మెప్పును మీరే అంత పెద్దది చేశాక, తప్పు అన్న మాట అంతకన్నా పెద్దది అయి కూర్చుంటుంది. కొన్నాళ్లు ఆ పంపకాలు మానండి. ఎన్ని లైకులు వచ్చాయని అడగడమూ మానండి. మీకు యానిమేషన్ తెలియకపోయినా మీరు చేయగల సాయం ఒకటుంది, అది చిన్నదేమీ కాదు. ఆమె చూపించినప్పుడు షాట్‌ను ఒక్కసారే చూసి, అందులో ఏం జరిగిందని మీకు అర్థమైందో చెప్పండి, బాగుందనీ బాగాలేదనీ అనకండి. బొమ్మ కోపంగా ఉందని ఆమె అనుకుంటుంటే మీకు నిద్రమత్తులో ఉన్నట్టు అనిపిస్తే, ఆ ఒక్క సమాచారం ఆమెకు చాలు. ప్రేక్షకుడు మీలాంటివాడే.

కోర్సుల సంగతికి వస్తాను. పనిచేస్తున్న యానిమేటర్లు ఆన్‌లైన్‌లో వారం వారం విద్యార్థి షాట్‌ను చూసి, దాని మీద గీసి చూపించి, మాట్లాడి రికార్డు చేసి పంపే పద్ధతి 2005లో యానిమేషన్ మెంటార్ అనే ఆన్‌లైన్ పాఠశాల మొదలైన తరువాత బాగా వ్యాపించింది. ఇప్పుడు ఆ మాదిరివి ఎన్నో ఉన్నాయి, మంచి యానిమేటర్లను అందించినవీ ఉన్నాయి. ఆ పద్ధతిలోని బలాన్ని నేను కాదనను. అయినా తల్లిదండ్రులు దాని మీద పెట్టుకుంటున్న ఆశ చూస్తే నాకు కలవరంగా ఉంటుంది. గొప్పగా చేయగలవారందరూ గొప్పగా నేర్పలేరు. కొందరు మెంటార్లు లోపం ఎందుకు వచ్చిందో చెప్పకుండా, ఇక్కడ చేయి ఇలా పెట్టు, అక్కడ మూడు ఫ్రేములు తీసేయి అని దిద్దేస్తారు. విద్యార్థి అవన్నీ శ్రద్ధగా అమలు చేస్తే షాట్ అందంగా తయారవుతుంది గానీ అందులో కనిపించేది మెంటార్ కన్ను. కోర్సు అయిపోయిన మర్నాడు ఒంటరిగా కొత్త షాట్ మొదలుపెట్టినప్పుడు చేయి కదలక నా దగ్గరికి వచ్చిన పిల్లలున్నారు. ఒకే రిగ్గులతో (కదిలించడానికి వీలుగా సిద్ధం చేసిన బొమ్మలతో), ఒకే అభ్యాసాలతో తయారైన డెమో రీళ్లు (ఉద్యోగానికి చూపే పని నమూనాల వీడియోలు) ఒకదానినొకటి పోలి ఉండడం మరో చిక్కు. అన్నిటికన్నా బాధగా అనిపించేది, బంతి ఎగరడం, లోలకం ఊగడం వంటి తొలి అభ్యాసాలే కుదరని విద్యార్థి పెద్ద రుసుము కట్టి, తోటి విద్యార్థి ఉచితంగా చెప్పగల మాటలను నిపుణుడి నోట వినడం. ఆ రుసుములో ఉద్యోగం కూడా కలిసి ఉందని ఎవరూ అనలేదు, అయినా చాలామంది తండ్రులు అలాగే లెక్క వేసుకుంటారు.

శిక్షణ సంస్థ అయితే, దాని భవనాన్నీ కంప్యూటర్లనూ చూడకుండా ఒకటే అడగండి: ఒక్కో విద్యార్థి షాట్‌ను వారానికి ఎన్ని నిమిషాలు, ఎవరు చూస్తారు? ఎవరిదైనా ఒక షాట్ తొలి బ్లాకింగ్ నుంచి చివరి రూపం వరకు అన్ని వెర్షన్లనూ చూపించమనండి. చూపించలేకపోతే అక్కడ పాఠాలు జరుగుతున్నాయి గానీ దిద్దుబాటు జరగడం లేదని అనుకోవచ్చు. ఇంట్లో నేర్చుకోవడంలో కొరత క్రమశిక్షణ కాదు, తోడు. తనలాగే నేర్చుకుంటున్న ముగ్గురు నలుగురు కలిసి ప్రతివారం ఒకరి పని ఒకరు చూసుకుంటే ఆ కొరత చాలావరకు తీరుతుంది, ఇతరుల షాట్లలో లోపం వెతికి మాటల్లో పెట్టడం వల్ల తన కన్ను కూడా పదునెక్కుతుంది.

ప్రతిభ సంగతి ఒక్క నడకను చూసి నేను చెప్పను, చెబుతామన్నవారిని నమ్మకండి. నా మటుకు నేను ఒకే షాట్ మొదటి వెర్షన్‌నూ మూడో వెర్షన్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తాను, మధ్యలో వచ్చిన సలహాతో ఆమె ఏం చేసిందో అక్కడ తెలుస్తుంది. ఏడాదిన్నర ఆలస్యమూ కాదు, వృథా అంతకన్నా కాదు. ఈ దశలో చేతికన్నా కన్ను ముందు ఎదుగుతుంది కనుక నేర్చుకుంటున్నకొద్దీ తన పని తనకే నాసిగా కనిపిస్తుంది, మీ అమ్మాయి దిగులులో కొంత అదే అయి ఉంటుంది.

ఈ వారం ఆ నడకనే తెరవమనండి. నడుము కదలికను మాత్రం దిద్ది, బరువు లేదన్న ఆ వ్యక్తికే కృతజ్ఞతలు చెప్పి మళ్లీ చూపించి, తరువాత ఏం చూసుకోవాలో అడగమనండి. ఆ పైన బరువు ఎత్తడం, కుర్చీలో కూర్చుని లేవడం వంటి రెండు మూడు షాట్లను ఒక్కొక్కటి మూడు వెర్షన్ల దాకా తీసుకెళ్లనివ్వండి. అప్పటికీ తన చుట్టూ ఉన్నవారు చెప్పలేని ప్రశ్నలు ఆమె దగ్గర మిగిలి ఉంటే మెంటార్ ఉన్న కోర్సుకు అది తగిన సమయం. అప్పుడు కూడా మొత్తం రుసుము ఒకేసారి కట్టకండి. ఒక టర్ముకు మాత్రమే చేరే వీలుందేమో కనుక్కుని, అది ముగిశాక కొనసాగాలో లేదో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి.